నేను వరుసలు లెక్కపెట్టిన నెల

ఇరవై రెండేళ్ల వయసులో, ఒక్క ఎద్దునైనా చేత్తో ముట్టకుండా, పధ్నాలుగు జతల పందెపు ఎద్దులను దారి తప్పించిన ఘనుణ్ణి నేను. ఎద్దులనే కాదు, వాటి యజమానులను, వాళ్ల వెంట సద్దిమూటలు మోసుకొచ్చిన బావమరుదులను, ఒక డప్పుల మేళాన్ని కూడా. ఆ ఘనకార్యానికి నేను పెట్టుకున్న పేరు "ఉత్పత్తి పెంచడం".

ఈ సంగతి నేనైతే ఇన్నేళ్లుగా ఎవరికీ చెప్పలేదు. నాకు ఆ శ్రమ లేకుండా ప్రొద్దుటూరే చెప్పుకుంది. మొన్న మా తమ్ముడి మనవడు బెంగుళూరు నుంచి ఫోన్ చేశాడు. వాడు అక్కడ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పదిమంది మీద పెద్ద. "తాతా, మా టీం ప్రొడక్టివిటీ పెంచాల. ఎవరు రోజుకు ఎన్ని లైన్ల కోడు రాస్తాండారో లెక్కబెట్టి బోర్డు మీద ఏద్దామనుకుంటాండా. ఎట్లుంటాది?" అన్నాడు. నేను కాఫీ గ్లాసు పక్కన పెట్టేశాను. "ఒరే, బోర్డు ముట్టుకోవద్దు, ముందు ఇది విను" అని గంటసేపు చెప్పాను. వాడు కడుపు పట్టుకుని నవ్వి, ఆలోచన మానుకున్నాడు. ఒకరికి చెప్పేశాక ఇక దాచేదేముంది? మీరూ వినండి.

అప్పటికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఎన్నో ఏళ్లు కాలేదు. మా వైపు పెద్దవాళ్లు ఏ పని పడినా ఇంకా మద్రాసు రైలు వేళలే అడిగేవాళ్లు. మా మేనమామ వెంకటసుబ్బయ్యకు ప్రొద్దుటూరులో ఒక అచ్చు ప్రెస్సు ఉండేది. పెళ్లిపత్రికలు, రసీదు పుస్తకాలు, తిరునాళ్ల పోస్టర్లు, ఏది కావాలన్నా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు అక్కడికే వచ్చేవాళ్లు. కంపోజిటర్లు ఇద్దరు. పెద్దవాడు మస్తాను, నేను పుట్టకముందు నుంచీ అక్కడే ఉన్నవాడు. రెండోవాడు ఓబులేసు, చెయ్యి ఎంత చురుకో నోరు అంత చురుకు. తప్పులు దిద్దడానికి రంగయ్య అయ్యవారని ఒక రిటైరైన బడిపంతులు ఉండేవారు.

ఆ రోజుల్లో అచ్చు అంటే సీసపు అక్షరాలు. గళ్లు గళ్లుగా ఉన్న చెక్క పెట్టెల్లో ఒక్కో గదిలో ఒక్కో అక్షరం. కంపోజిటర్ ఒక్కొక్క అక్షరాన్ని ఏరి వరుస కడతాడు, వరుసల్ని పేజీగా పేర్చి దారం చుడతాడు. అచ్చు వేయడం అయ్యాక ఆ దారం విప్పి, ఏ అక్షరాన్ని ఏ గదిలోంచి తీశాడో మళ్లీ ఆ గదిలో వేస్తాడు. రేపటి పనికీ అవే అక్షరాలు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి. నేను పెట్టుకోలేదు.

నా సంగతి కూడా చెప్పాలి. డిగ్రీ పరీక్ష రెండుసార్లు తప్పి, బెంగుళూరులో ఒక ఫ్యాక్టరీ ఆఫీసులో నలభై రోజులు పనిచేశాను. నా పని ఫైళ్లు ఈ గదిలోంచి ఆ గదిలోకి మోయడం. ఆ మోతలో ఒక దృశ్యం చూశాను. టై కట్టుకున్న ఒకాయన, పనివాళ్ల వెనక స్టాప్ వాచీ పట్టుకుని నిలబడి, ఏమీ చేయకుండా, అందరికంటే ఎక్కువ గౌరవం పొందుతున్నాడు. ఇది కదా బతుకంటే అనిపించింది. తిరిగొచ్చి ప్రొద్దుటూరులో బస్సు దిగేటప్పటికి నేను ఫైళ్లు మోసినవాణ్ణి కాదు, "బెంగుళూరులో ఉత్పత్తి పద్ధతులు నేర్చుకొచ్చిన" వాణ్ణి. జేబులో ఒక పాత స్టాప్ వాచీ, చంకలో గ్రాఫు కాగితాల చుట్ట.

సరిగ్గా అప్పుడే మామకు కంట్లో శుక్లం ఆపరేషన్ అయింది. నెల రోజులు ఎండ తగలకూడదని, పులివెందులలో కూతురింటికి బయలుదేరుతూ నన్ను పిలిచాడు.

"అబ్బీ, నెల దినాలు ప్రెస్సు చూసుకో. సక్కంగా జరిగితే తర్వాత నీ సంగతి మాట్లాడదాం. పని మస్తాను చూసుకుంటాడు. నువ్వు ఊరికె కుర్చీలో కూచో, సాలు."

"నీ సంగతి" అంటే ప్రెస్సులో వాటా అని ఇంట్లో అందరికీ తెలుసు. కుర్చీలో కూర్చోవడం ఒక్కటే నాకు అప్పగించిన పని. అదీ చేతకాలేదు.

మామ బస్సెక్కిన మర్నాడే నేను ప్రెస్సులో ఉపన్యాసం ఇచ్చాను. మేనేజరుకు యాస ఉండకూడదని అప్పట్లో నా అభిప్రాయం. అందుకని పాఠ్యపుస్తకం మింగినవాడిలా మాట్లాడేవాణ్ణి.

"మస్తానప్పా, మీరు రోజుకు ఎన్ని వరుసలు కడుతున్నారు?"

"పనిని బట్టి, అబ్బీ."

"నన్ను అబ్బీ అనరాదు. మేనేజరు అనండి. ఎన్ని వరుసలు?"

"లెక్క యాడిది, మేనేజరబ్బీ? పొద్దన్నే మొదలుపెడతాం. సాయంత్రానికి అయిపోతాది."

"ఏది అయిపోతుంది?"

మస్తాను నన్ను జాలిగా చూశాడు. "పని" అన్నాడు.

ఇంత అజ్ఞానంలో ఇన్నేళ్లు ఈ ప్రెస్సు ఎలా నడిచిందా అని నాకు ఆశ్చర్యం వేసింది. వెంటనే నా పద్ధతి ప్రకటించాను. ఇకనుంచి లెక్క వరుసలదే. ఎవరు ఎన్ని వరుసలు కట్టారో సాయంత్రం గోడ మీద గ్రాఫులో ఎర్ర పెన్సిలుతో గీస్తాను. వంద వరుసలకు ఒక కారం దోసె. తప్పులు దిద్దిన వరుస లెక్కలోకి రాదు, ఎందుకంటే అది పాత వరుసే. అచ్చయిన పేజీలు విప్పి అక్షరాలు గళ్లలో వేయడమూ లెక్కలోకి రాదు, ఎందుకంటే దానివల్ల ఒక్క కొత్త వరుస కూడా పుట్టదు.

"అది జెయ్యకపోతే ఎట్ల?" అన్నాడు మస్తాను.

"తీరిక దొరికినప్పుడు చేయండి."

"తీరిక ఉండకూడదనే గదా ఈ గడియారం?" అన్నాడు ఓబులేసు.

జవాబు లేని ప్రశ్నలు వేసేవాళ్లు ఉత్పత్తికి శత్రువులని తీర్మానించుకుని రంగయ్య అయ్యవారి వైపు తిరిగాను. ఆయన ముక్కు మీద కళ్లజోడు, చేతిలో కలం, ముందు ఒక రసీదు పుస్తకం ప్రూఫు.

"అయ్యవారూ, మీరు రోజుకు ఎన్ని వరుసలు కడుతున్నారు?"

"నేను కట్టేదేంది నాయనా? నేను తప్పులు తీస్తాను."

"అంటే సున్నా. పైగా అయిపోయిన పనిని మళ్లీ వెనక్కి పంపుతున్నారు. ఈ నెల ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి."

ఆయనకు కోపం రాలేదు. కలం జేబులో పెట్టుకున్నారు, గొడుగు అందుకున్నారు. "సరే నాయనా. తప్పులకేం తొందర లేదు. అవి యాడికీ పోవు" అని మెట్లు దిగారు. నేను ఆయన వీపు చూస్తూ, ఒక్క పూటలో ఎంత దుబారా తగ్గించానని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

మొదటి వారం గ్రాఫు గీత గండికోట కొండలా లేచింది. ఓబులేసు రోజుకు మూడు దోసెలు తినడం మొదలుపెట్టాడు. ఇంత వేగం ఎక్కణ్ణుంచి వచ్చిందని నేను అడగలేదు. అడిగి ఉంటే, వాడు వరుసకు ఏడెనిమిది మాటలు పట్టే చోట మూడు మాటలు పెట్టి, మధ్యలో ఒక పిల్లి పడుకునేంత ఖాళీ వదులుతున్నాడని తెలిసేది. పెళ్లిపత్రిక వస్తే ఇద్దరూ దాని మీద పడేవాళ్లు, అందులో అన్నీ పొట్టి వరుసలే కాబట్టి. గొర్రెల పెంపకందారుల సంఘం నిబంధనల పుస్తకాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. దాంట్లో వరుసలు నిండుగా, చిన్న అక్షరాలతో, కంటికి చీమల బారులా ఉండేవి. ఆ సంఘం వాళ్లు రోజూ వచ్చి అరుగు మీద కూర్చుని, బీడీ కాల్చుకుని వెళ్లేవాళ్లు.

అచ్చయిన పేజీలు దారాలతో సహా గోడవారగా పేరుకుపోయాయి. గళ్లలో అక్షరాలు ఒక్కొక్కటే కరువయ్యాయి. మొదట వత్తులకు ముప్పొచ్చింది. కిరాణా అంగడి తిప్పయ్య తన అంగడి పేరుతో బిల్లు పుస్తకం వేయించుకుని వెళ్లి, పావుగంటలో తిరిగొచ్చాడు.

"నా పేరులో వత్తులు యాడబోయినాయప్పా?"

చూశాను. పెద్ద అక్షరాల్లో, ఠీవిగా, "తిపయ" అని ఉంది.

"ఇప్పుడు పేర్లు పొట్టిగా పెట్టుకోవడమే నాగరికత. బెంగుళూరులో అందరూ ఇలాగే..." అన్నాను.

"నాకు బెంగుళూరులో అంగడి లేదప్పా. ఈ వీధిలోనే ఉండాది. పొద్దన్నుంచి పిల్లోళ్లు నన్ను తిపయా, తిపయా అంటాండారు."

"అక్షరాలు రాగానే అతికిస్తాం" అని సాగనంపి, ఆ బిల్లు పుస్తకం తాలూకు నలభై వరుసలను గ్రాఫులో గీశాను. గీత ఇంకాస్త లేచింది. చూశారా నా నిబ్బరం? ఇల్లు కాలుతుంటే పొయ్యి బాగా మండుతోందని సంతోషించే రకాన్ని.

మూడో వారంలో జమ్మలమడుగు నుంచి కొండయ్య వచ్చాడు. అక్కడి తిరునాళ్లలో బండలాగుడు పందేలు జరిపించే కమిటీకి ఆయన పెద్ద. కుర్చీ నిండా కూర్చుని, చేతికర్ర నేలకు తాటించి చెప్పాడు.

"వచ్చే పై ఆదివారం పందేలు. మా ఊర్లో దండోరా మేమే ఏపిచ్చుకుంటాం. పోస్టర్లు పైఊర్లకే. పులివెందుల, కమలాపురం, ముద్దనూరు బస్సులకు మీరే ఏసేయండి. ఒగ మాట అబ్బీ, స్థలం మాత్రం శానా పెద్ద అక్షరాల్లో ఉండాల. పోయినసారి ఎవరో చిన్నక్షరాలు ఏసి సగం ఎద్దులు గండికోటకు పోయినాయి."

"మూడు రోజులడుగుతారు మిగతా ప్రెస్సులవాళ్లు. నేను మూడు గంటల్లో బస్సెక్కిస్తాను" అన్నాను.

"తొందరేం లేదబ్బీ. సక్కంగా ఉంటే సాలు."

తొందర ఆయనకు లేదు, నాకుంది. స్టాప్ వాచీ నొక్కి మస్తాను వెనక నిలబడ్డాను. పైన "బండలాగుడు పందేలు" అని పోస్టర్లకు వాడే పెద్ద చెక్క అక్షరాలు అమరాయి. తేదీ, వేళ, నియమాలు అమరాయి. అక్కడ మస్తాను చెయ్యి ఆగింది.

"జమ్మలమడుగు అనాలంటే పెద్ద సైజులో మ లు రెండు, మ వత్తు ఒగటి కావాల. మ గదిలో ఒగ బల్లి ఉండాది. మ లేదు."

"ఎక్కడికి పోయాయి?"

"యాడికీ పోలా. ఆ గోడవార పేజీల్లో ఉండాయి. విప్పి ఏరుకోవాలంటే ఒగ పూట పడతాది."

"ఒక పూటా? వరుసలు ఆగిపోతాయి! వీల్లేదు. పెద్ద అక్షరాల్లో తయారుగా ఏముంటే అది పెట్టండి."

"తయారుగా ఉండేది మన ప్రెస్సు అడ్రసొకటే. ఉగాది క్యాలెండర్లకు కట్టింది."

"పెట్టండి."

ఓబులేసు దగ్గాడు. మస్తాను లేచి నా ముందుకొచ్చి నిలబడి, చెవిటివాడికి చెప్పినట్టు నెమ్మదిగా అడిగాడు. "మేనేజరబ్బీ, ఇంగొగసారి అడుగుతాండా. ఎద్దుల పోస్టరు మింద, స్థలం అన్న కాడ, మన ప్రెస్సు అడ్రసు. పెట్టమంటావా?"

నా కళ్లు స్టాప్ వాచీ ముల్లు మీద ఉన్నాయి. చెవులకు అందింది "ప్రెస్సు అడ్రసు" అన్న ముక్క ఒక్కటే. ప్రతి పోస్టరుకూ అడుగున అచ్చువేసిన ప్రెస్సు అడ్రసు ఉండేదే కదా, దీనికింత చర్చేమిటి అనుకున్నాను.

"పెట్టమన్నానా లేదా? ముల్లు తిరుగుతోంది!"

"సరే" అన్నాడు మస్తాను. ఆ సరేలో ఒక మనిషి ముప్పై ఏళ్ల అనుభవం చేతులు కడుక్కుంది. నాకు వినపడలేదు.

చెప్పిన మూడు గంటలకు పావుగంట ముందే పోస్టర్ల కట్టలు బస్సుల మీదికి ఎక్కాయి. నేను ఒక్క పోస్టరైనా చదవలేదు. చదవడం వరుసల లెక్కలోకి రాదు కదా.

ఆ ఆదివారం ఉదయం నేను కుర్చీలో కూర్చుని, మామ రాగానే చూపించడానికి నెల మొత్తం గ్రాఫును పెద్ద కాగితం మీద గీస్తున్నాను. వీధిలో గజ్జెల చప్పుడు వినిపించింది. తలెత్తితే వాకిట్లో రెండు తెల్లని ఎద్దులు, కొమ్ములకు రంగులు, మెడలో పట్టెడలు. పక్కన తలగుడ్డ చుట్టుకున్న ఒక రైతు, చేతిలో మా పోస్టరు.

"పందేలు ఈడేనాప్పా?"

"ఏ పందేలు?"

"బండలాగుడు."

"అవి జమ్మలమడుగులో, పెన్న ఒడ్డున."

"మరి ఈడ ప్రొద్దుటూరని రాసుండాదే? ఈ ప్రెస్సు పేరే ఉండాది. ఆవరణ యాడ?"

పోస్టరు అందుకున్నాను. కొండయ్య కోరినట్టే స్థలం శానా పెద్ద అక్షరాల్లో ఉంది. మా ప్రెస్సు పేరు, మా వీధి, మా ఊరు. ఒక్క అచ్చుతప్పు లేదు. నా ఏలుబడిలో తప్పు లేకుండా వచ్చిన వరుస అదొక్కటే. మా ఆవరణ అంటే ఒక నీళ్లతొట్టి, ఒక సైకిలు పట్టేంత జాగా.

ఇంకో జత వచ్చింది. ఇంకో రెండు జతలు. వెనక డప్పుల మేళం. పది గంటలకల్లా వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా ఎద్దులే. బంగారు అంగళ్లవాళ్లు తలుపులు మూసుకున్నారు. తిప్పయ్య మాత్రం అంగడి గడప మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు, నాటకం మొదటి వరుసలో కూర్చున్నట్టు.

"బండ యాడ?" అని ఒక గొంతు. "బండ తీసుకురా!" అని పది గొంతులు.

"బండ లోపలుండాది!" అని ఓబులేసు అరిచాడు. వాణ్ణి ఆపేలోగా నలుగురు లోపలికి జొరబడ్డారు. వాడు చూపించింది, పేజీలు పేర్చి బిగించే రాతి పలకను. ఒక ముసలాయన దాన్ని కర్రతో తట్టి చూశాడు.

"ఇదా? దీన్ని మా మేక లాగుతాది."

ఆ నవ్వుల మధ్య నేను కిటికీ వైపు తిరిగేసరికి, ఒక కోడె లోపలికి మూతి పెట్టి, బల్ల మీద ఉన్న నా గ్రాఫును నెమ్మదిగా నములుతోంది. కొండలాంటి గీత సగం దాని నోట్లో ఉంది. లాగాను. అదీ లాగింది. ఆ రోజు మా ఆవరణలో జరిగిన పందెం అదొక్కటే, గెలిచింది కోడె.

మధ్యాహ్నం కావస్తుండగా కొండయ్య బస్సు దిగి, ఎద్దుల మధ్యలోంచి దారి చేసుకుంటూ వచ్చాడు. చేతికర్ర పైకే ఉంది.

"యాడ్రా ఆ మూడు గంటలోడు? ఆడ బండ ఉండాది, జనం ఉండారు, డప్పులుండాయి. ఎద్దు ఒగటీ లేదు! బండకు నన్నే కట్టి లాగమంటాండారు జనం!"

నేను మస్తాను వెనక్కి చేరాను. అప్పటిదాకా అతని వెనక నిలబడింది తనిఖీ కోసం. ఇప్పుడు ప్రాణం కోసం.

ఇదీ చాలదన్నట్టు వీధి మలుపులో ఒక ఎద్దులబండి ఆగింది. పులివెందుల బండి. దానికి కట్టినవి మామూలు ఎద్దులు, వెనక తాళ్లతో నడిచొచ్చినవి మామ అల్లుడి పందెపు ఎద్దులు. బండిలోంచి కంటికి ఆకుపచ్చ అట్ట కట్టుకున్న మా మామ దిగాడు. రెండు రోజుల ప్రయాణపు దుమ్ము నెత్తిన ఉంది.

"మూడు దినాల కింద బస్టాండు కాడ పోస్టరు చూసినా" అన్నాడు నాతో, గొంతు పెంచకుండానే. "బండలాగుడు మన ప్రెస్సులో అని ఉండాది. ఆపరేషన్ చెడిపోయిందే, కన్ను పోయిందే అని ఏడుపొచ్చింది. అల్లుణ్ణి పిలిచి చదివిచ్చినా. వాడూ అదే చదివినాడు. కన్ను బాగుండాదని తెలిసినాక అసలు ఏడుపొచ్చింది."

తరవాత వీధి మధ్యలో నిలబడి అందరికీ చేతులెత్తి మొక్కాడు. అరవై ఏళ్ల మనిషి, ఎవరి ముందూ తల వంచనివాడు. అప్పటిదాకా నాకు భయమే వేసింది. అప్పుడు సిగ్గేసింది.

కొండయ్య మెత్తబడ్డాడు. పందేలు మర్నాటికి వాయిదా వేశారు. ఎద్దులకు నీళ్లు, మేత, మనుషులకు అన్నం మా ఇంటి నుంచే వచ్చాయి. ఎండ కాస్త వాలాక అందరూ జమ్మలమడుగు దారి పట్టారు. మామ నన్ను ముందు నడవమన్నాడు.

"దారి తప్పిచ్చినోడివి నువ్వే. దారి చూపిచ్చేదీ నువ్వే."

పధ్నాలుగు జతల ఎద్దుల ముందు, డప్పుల మధ్య, పెళ్లికొడుకులా నడిచాను. దారిలో ప్రతి ఊరూ రోడ్డు మీదికొచ్చి "ఏంది కత?" అని అడిగింది. రైతులు ప్రతి ఊరికీ ఓపిగ్గా మొదటినుంచీ చెప్పారు. ఒక్కో ఊరికి కథ కొంచెం పెరిగింది. జమ్మలమడుగు చేరేసరికి అందులో ఎద్దులు ముప్పై జతలయ్యాయి, నేను బెంగుళూరు పిచ్చాసుపత్రిలోంచి పారిపోయి వచ్చినవాణ్ణయ్యాను.

మర్నాడు పందేలు బ్రహ్మాండంగా జరిగాయట. పిచ్చోణ్ణి చూడ్డానికి కూడా జనం వచ్చారట. నేను చూడలేదు. తెల్లారకముందే మొదటి బస్సెక్కి ఇంటికొచ్చి దుప్పటి ముసుగేశాను.

ఎనిమిది రోజులు ఇల్లు కదల్లేదు. తొమ్మిదో రోజు ధైర్యం చేసి ప్రెస్సుకు వెళ్లాను. గోడవార ఒక్క పాత పేజీ లేదు. గళ్లన్నీ అక్షరాలతో నిండుగా ఉన్నాయి. రంగయ్య అయ్యవారు తన మూలలో కలం పట్టుకుని కూర్చున్నారు. గొర్రెల సంఘం పుస్తకాన్ని కట్టలు కట్టి, ఆ సంఘం వాళ్లే నవ్వుకుంటూ నెత్తికెత్తుకుంటున్నారు.

"ఇంత పని ఎప్పుడు చేసినారు మస్తానప్పా?" అన్నాను. నా పుస్తకం భాష ఆ నడకలోనే ఎక్కడో రాలిపోయింది.

"నువ్వు లేని ఎనిమిది దినాల్లో, అబ్బీ" అన్నాడు మస్తాను ఎంతో ప్రేమగా.

మామ కంటి మీది అట్ట సర్దుకుని నన్ను దగ్గరికి పిలిచాడు. "రా అబ్బీ. మన ప్రెస్సులో పని రెండింతలు పెంచే ఉపాయం తెలిసింది నాకు."

నా బుద్ధి చూడండి, అప్పుడు కూడా ఉత్సాహం ఆపుకోలేక ముందుకు వంగాను. "ఏంది మామా అది?"

"నువ్వు ఇంట్లో ఉండు."

ఆ క్షణంలో, అక్షరాల పెట్టెల సాక్షిగా, మస్తాను, ఓబులేసు వింటుండగా, కుడిచెయ్యి పైకెత్తి ప్రమాణం చేశాను. పని తెలిసినవాడు పని చేస్తుంటే నా జన్మలో అతని వెనక నిలబడను. మంచినీళ్లు అడిగితే ఇస్తాను, అడగకపోతే పక్కకు తప్పుకుంటాను. ఆ మాట ఈనాటివరకూ తప్పలేదు. దేశంలో ఉత్పత్తి పెరగడానికి నా వంతు సేవ ఇప్పటికీ చేస్తూనే ఉన్నాను. ఏ ఆఫీసు గడపా తొక్కడం లేదు.